నా ప్రయాణం, నా పాట్లు

వెళ్లొచ్చి నెల కావస్తోంది. ఇప్పటికీ మా ఇంటికి ఎవరొచ్చినా, కాఫీ చేతికి అందగానే మా వారు మొదలుపెట్టే కబురు అదే. "మా ఆవిడ కదిరి వెళ్లొచ్చింది, తెలుసా? ఒక్కతే! ఏప్రిల్ ఎండల్లో!" ఇక అక్కణ్ణుంచి లాడ్జి గొడవ, చెప్పులు పోవడం, ఫోన్ ఆగిపోవడం, వాంతులు, అన్నీ వరసగా చెబుతారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు మార్చాలో ఆయనకు బాగా తెలుసు. వచ్చినవాళ్లు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. జరిగినవి నవ్వొచ్చేవే మరి.

కానీ కథ చివర ఆయన ఒక వాక్యం కలుపుతారు. "అందుకేనండీ, ఆడవాళ్లు ఒంటరిగా వద్దనేది."

మొదట్లో పట్టించుకోలేదు. పోయిన ఆదివారం మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. ఆర్కిటెక్చర్ చదువుతోంది. పరీక్షలయ్యాక నాలుగు రోజులు హంపి వెళ్లి బొమ్మలు వేసుకుంటానంది. ఎవరితో అన్నారు వాళ్ల నాన్న. ఎవరితో లేదు, ఒక్కదాన్నే అంది. ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "మీ అమ్మ నలభై ఆరేళ్ల మనిషి. ఆవిడకే ఏమైందో విన్నావుగా" అన్నారు. అంతే, చర్చ అయిపోయింది.

ఆ పిల్ల నా వైపు చూసింది. ఆ చూపుకి నేను సమాధానం చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు కదిరే ఎందుకని అందరూ అడిగారు. నిజం చెప్పాలంటే, ఆ ఊళ్లో మాకు చుట్టాలు లేరు. తిరుపతి వెళ్తే పిన్నత్తగారింట్లో దిగాలి, విశాఖ వెళ్తే ఆడపడుచు ఊరుకోదు, విజయవాడ సంగతి చెప్పనే అక్కర్లేదు. చుట్టాలింటికి వెళ్తే మనం మన వంటింట్లోంచి వాళ్ల వంటింట్లోకి మారతాం, అంతే. రెండో కారణం వేమన. డిగ్రీలో మా తెలుగు మేడమ్ వేమన పాఠం చెబుతూ, కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది, మీలో ఎవరైనా చూసొస్తే నాకు చెప్పండి అన్నారు. క్లాసులో ముప్ఫై మంది ఆడపిల్లలం. ఎవరం వెళ్లలేదు. మూడోది తిమ్మమ్మ మర్రిమాను. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రపంచంలో అతి పెద్ద మర్రిచెట్టు అని 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. చిన్నప్పుడు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చదివి బట్టీపట్టిన సంగతి.

ఏప్రిల్ చివర్లో ఎవరైనా రాయలసీమ వెళ్తారా అని కూడా అడిగారు. డిసెంబరులో వెళ్లాలని నాకు మాత్రం ఉండదా? డిసెంబరులో పిల్లల పరీక్షలు, జనవరిలో పండగ, ఫిబ్రవరిలో మామగారి ఆబ్దికం, మార్చిలో అబ్బాయి పదో తరగతి. ఇరవై మూడేళ్ల కాపురంలో మొదటిసారి మా అత్తగారు మరిది గారింట్లో, అబ్బాయి వాళ్ల మామయ్య ఇంట్లో, అమ్మాయి హాస్టల్లో, మా వారు ఆఫీసు పని మీద నాలుగు రోజులు వేరే ఊళ్లో ఉన్నారు. ఆ నాలుగు రోజులూ ఏప్రిల్ ఎండల్లో వచ్చి పడ్డాయి. గృహిణికి దొరికే సెలవు ఎప్పుడూ ఇంకెవరికీ పనికిరాని రోజుల్లోనే దొరుకుతుంది. చీటీ పాట డబ్బులున్నాయి. రాత్రి బస్సుకి టికెట్ కొన్నాను. ఫోన్లో చెబితే మా అత్తగారు "ఒక్కదానివేనా? ఏం, మేమంతా లేమా?" అన్నారు. అందరూ ఉండబట్టేనని ఆవిడకెలా చెప్పను.

అనంతపురం దాటకముందే బస్సులో ఏసీ ఆగిపోయింది. తెరుచుకోని అద్దాలు. తెల్లవారుజామున ఐదింటికి బస్టాండుకి వెళ్లకుండా ఊరి బయట రోడ్డు మీదే దింపేసి పోయాడు. ఆటో పట్టుకుని లాడ్జికి వెళ్లాను. వారం ముందే ఫోన్ చేసి, అడ్వాన్సు కూడా పంపి బుక్ చేసుకున్న రూము. కౌంటర్లో ఇరవై ఏళ్ల కుర్రాడు నిద్రకళ్లతో లేచి నా వెనక్కి చూశాడు.

"సార్ వస్తాండారా మేడమ్?"

"ఎవరూ రావట్లేదు బాబూ. నేనొక్కదాన్నే."

"సింగిల్ లేడీసుకు రూము ఇచ్చేది లేదు మేడమ్. ఓనరు తిడతాడు."

ఆధార్ చూపించాను. వయసు చూపించాను, అదొక్కటే నాకున్న బలం అనుకుంటూ. తెల్లజుట్టు చూపించాను. కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు, కానీ కదల్లేదు. చివరికి "సార్ నంబరు ఇవ్వండి, ఒక మాట అడిగి ఇస్తా" అన్నాడు. మా వారికి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు కూడా. నిద్రలో ఉన్న మనిషి ముందు కంగారుపడి, తర్వాత సంగతి అర్థమై, "అవునండీ, మా ఆవిడే. నేనే పంపించాను" అన్నారు.

తాళం చెవి వచ్చేసింది.

ఆయన నాకు సాయం చేద్దామనే ఆ మాట అన్నారు. ఆ సమయంలో అంతకన్నా పనికొచ్చే మాట లేదు కూడా. కానీ మంచం మీద కూర్చున్నాక ఏడుపొచ్చింది. నన్నెవరూ పంపించలేదు. ఆరు నెలలు ఆలోచించి, చీటీ పాడి, అల్మరాలో చీర మడతల్లో డబ్బు దాచి, నేనే వచ్చాను. ఆ మాటకి తలుపు తెరుచుకోలేదు.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతోందో లేదో రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ గదిలో ఉడికేకన్నా దేవుణ్ణి చూద్దామని లక్ష్మీనరసింహస్వామి గుడికి వెళ్లాను. కాటమరాయుడంటారు అక్కడివాళ్లు. అభిషేకం అయ్యాక మూలవిరాట్టు ఒంటి మీద చెమట బిందువులు కనిపిస్తాయని అక్కడ నమ్మకం. స్వామి మహిమ మీద నాకు ఏ అనుమానమూ లేదు గానీ, ఆ రోజు అక్కడ నిలబడ్డ మా అందరి పరిస్థితీ అదే. గుళ్లో మాత్రం చల్లగా, ప్రశాంతంగా ఉంది. ఒక స్తంభానికి ఆనుకుని గంటన్నర కూర్చున్నాను. ప్రసాదం ఎవరికి మిగిలింది, ఎవరికి మిగల్లేదు అని చూసుకోకుండా మొత్తం నేనే తిన్నాను. ఇదేం పెద్ద విషయం అనుకునేవాళ్లు ఇంట్లో వడ్డించని వాళ్లయి ఉంటారు.

బయటికొస్తే చెప్పులు లేవు. తప్పు నాదే. స్టాండులో ఇవ్వడానికి బద్ధకించి ఓ మూల వదిలేశాను. మిట్టమధ్యాహ్నం పన్నెండు. కింద బండలు పెనంలా ఉన్నాయి. నలభై ఆరేళ్ల మనిషిని, కొంగు నడుముకి దోపుకుని, నీడ నుంచి నీడకి గెంతుకుంటూ పోయాను. కుంకుమ అమ్మే ఒకావిడ చూసి, తన గోనెపట్టా నా కాళ్ల కిందకి విసిరింది. "నిలబడుకో తల్లీ ముందు" అంది. కదిరి కుంకుమకి పేరుంది, మల్లెలకూ పేరుంది. రెండూ కొన్నాను. ఆవిడ తన హవాయి చెప్పులు ఇచ్చి, "కొనుక్కొని ఈడ ఇచ్చిపో" అంది. పక్క వీధిలో కొనుక్కుని తెచ్చి ఇచ్చాను. ఎడమకాలిది ఆరు, కుడికాలిది ఏడు అని రూముకొచ్చాక తెలిసింది. కుంకుమ పొట్లం బ్యాగులో విప్పుకుపోయిందని కూడా అప్పుడే తెలిసింది. తెల్ల చుడీదారు ఒకటి ఉండేది.

రెండో రోజు మర్రిమాను. అక్కడికి పల్లెవెలుగు బస్సు ఎక్కాను. బస్సు నిండా ఆడవాళ్లే. అందరికీ సున్నా టికెట్లు. కండక్టరు నా ఆధార్ తిప్పి చూసి, "తెలంగాణదమ్మా, మీకు ఉచితం లేదు, టికెట్టు తీసుకోవల్ల" అన్నాడు. బస్సంతా నన్ను జాలిగా చూసింది. నాకు మాత్రం భలే సంతోషమేసింది. అంతమంది ఆడవాళ్లు, సంచులు ఒళ్లో పెట్టుకుని, కిటికీల దగ్గర కూర్చుని ఎక్కడికో పోతున్నారు. ఆసుపత్రికి, కూతురింటికి, సంతకి. ఆ ఉచిత బస్సుల మీద ఎన్ని జోకులు విన్నామో కదా, ఊరికే తిరుగుతున్నారని. ఆ బస్సులో ఊరికే తిరుగుతున్నది నేనొక్కదాన్నే. అందుకే డబ్బులిచ్చి కొనుక్కున్నానేమో.

ఆ చెట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. చెట్టు అనడం కూడా తప్పేమో. దాదాపు ఐదెకరాల నీడ అది. వెయ్యికి పైగా ఊడలు దిగి, మానులై నిలబడ్డాయి. మొదలేదో, ఊడేదో మనకి తెలియదు. బయట ఎండ గాజుముక్కలా మెరుస్తుంటే, లోపలికి అడుగు పెట్టగానే ఎవరో తడిగుడ్డతో ముఖం తుడిచినట్టయింది. లేత ఊడలు నేలకి అందేదాకా వాటికి వెదురుబొంగులు తొడిగి, మట్టి నింపి జాగ్రత్తగా దింపుతారట. మధ్యలో తిమ్మమ్మ గుడి.

ఆవిడ కథ సీమవాళ్లకు కొత్త కాదు. జబ్బుపడిన భర్తకి సేవ చేసి, ఆయన పోతే 1434లో ఆ చితిలోనే సహగమనం చేసిందని, చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయిందని చెబుతారు. పిల్లలు లేనివాళ్లు మొక్కుకుంటారు. ఈ చెట్టు సంగతి లోకానికి చాటి, గిన్నిస్ దాకా తీసుకెళ్లినాయన బెంగళూరు ఫోటోగ్రాఫర్ ఒకరు. పత్రికలు ఆయనకి "రిగ్రెట్" అని తిరుగుటపాలో ఉత్తరాలు పంపీ పంపీ, చివరికి ఆయన పేరే రిగ్రెట్ అయ్యర్ అయిపోయింది. ఇది నాకు బలే నచ్చిన సంగతి.

మధ్యాహ్నం ఒకటిన్నరకి రావలసిన బస్సు రాలేదు. రెండున్నర అయింది. ఫోన్ తీస్తే ఆగిపోయి ఉంది. రాత్రంతా కరెంటు వస్తూ పోతూ ఉంటే ఛార్జింగ్ ఎక్కలేదు, నేను చూసుకోలేదు. ఎండ ఎంత ఘోరంగా ఉందంటే చెట్టు అంచు దాటి రోడ్డు దాకా వెళ్లడానికి కూడా ధైర్యం చాల్లేదు. ఆ దగ్గర్లోనే ఎన్.పి.కుంట దగ్గర పెద్ద సోలార్ పార్కు ఉంది. అక్కడే ఎందుకు పెట్టారో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

నీడలో ముగ్గురు కూలి ఆడవాళ్లు క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు. పెద్దావిడ పిలిచింది.

"యా ఊరమ్మా?"

"హైదరాబాదు."

"ఒక్కదానివే వచ్చినావా? మొక్కుబడి ఏమన్నా ఉందా?"

"లేదమ్మా."

ఆవిడ కాసేపు నా ముఖం చదివింది. గొంతు తగ్గించి, "ఇంట్లో కొట్లాడుకొని వచ్చినావా తల్లీ?" అంది.

కాదన్నాను. ఆవిడ నమ్మలేదు. "ఏం కాదులే. ఈ పొద్దుకు మా ఇంట్లో పండుకో. తెల్లారితే కోపం సల్లబడతాది, నువ్వే పోతావు" అంది. రాగిసంగటి ముద్ద విరిచి, ఊరిబిండి వేసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఊరికే చూద్దామని వచ్చానని మళ్లీ చెప్పాను. "ఊరికేనా!" అని ముగ్గురూ ఒకేసారి అన్నారు. వాళ్లలో చిన్నది, పాతికేళ్లుంటాయేమో, "భయం కాలేదా అక్కా?" అని అడిగింది. ఎండకే భయమేసిందన్నాను. నవ్వింది. తర్వాత చాలా సేపు నన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు తర్వాత మా అమ్మాయి కళ్లలో చూశాను.

పెద్దావిడే తిమ్మమ్మ కథ మళ్లీ చెప్పింది, తనకి తెలిసిన తీరులో. చివర్లో "సూడు, ఆయమ్మ సావడానికి కూడా మొగుని ఎంటే పాయె" అంది. గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. ఆ నీడలో కూర్చుని, ఆ ముద్ద తిని, పెట్టకుండా ఎలా ఉంటాం? కానీ మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. ఒక ఆడమనిషి పేరు ఆరు వందల ఏళ్లు నిలవడానికి ఆవిడ చేయవలసి వచ్చిన పని అదీ. నా డిగ్రీ చదువు ఎందుకూ పనికిరాలేదంటారు ఇంట్లో. ఆ మధ్యాహ్నం పనికొచ్చింది. బ్రౌన్ దొర వేమన పద్యాలు అచ్చువేయించింది 1829లో. బెంటింక్ బెంగాల్లో సతీసహగమనాన్ని నిషేధించిందీ అదే ఏడు. ఒక పక్క వేమన, ఒక పక్క తిమ్మమ్మ, మధ్యలో ఛార్జింగ్ లేని ఫోనుతో నేను.

మూడు గంటలపైన ఆ చెట్టు కింద ఉన్నాను. నా పెళ్లయ్యాక నన్నెవరూ ఏదీ అడగని మూడు గంటలు అవే. ఫోన్ ఆగిపోకపోతే ఆ మూడు గంటలూ ఉండేవి కావు.

ఐదున్నరకి ఒక ఆటో దొరికింది. దారిలో టైరు పంక్చరు. కదిరి చేరేసరికి ఏడున్నర. ఫోన్ ఛార్జింగ్‌కి పెడితే ముప్ఫై ఒక్క మిస్డ్ కాల్స్. మా వారు లాడ్జికి ఫోన్ చేశారు, "మేడమ్ పొద్దన పోయినారు, ఇంకా రాలేదు" అన్నాడట కుర్రాడు. మా వారు మరిదికి, మరిది అనంతపురంలో ఉన్న తన స్నేహితుడికి, ఆ స్నేహితుడు కదిరిలో ఇంకెవరికో. ఇందులో తప్పు పూర్తిగా నాది. మా వారి గొంతు వణుకుతోంది ఫోన్లో. ఆ భయం ప్రేమే, కాదనను. క్షమించమన్నాను. ఆ తర్వాత అరగంట తిన్న చీవాట్లకి మాత్రం క్షమాపణ బాకీ లేదనుకుంటాను.

ఆ రాత్రి వడదెబ్బ. వాంతులు, చలిజ్వరంలా వణుకు. కౌంటర్ కుర్రాడే పరిగెత్తి ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చాడు. "సార్‌కు ఫోన్ చేద్దునా మేడమ్?" అన్నాడు. వద్దన్నాను. కాసేపు తటపటాయించి, వెనక సందులో ఉన్న వాళ్లమ్మని పిలుచుకొచ్చాడు. ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చి, తడిగుడ్డ నుదుటి మీద వేసి, రెండింటిదాకా నా పక్కనే కూర్చుంది. నాకు రూమివ్వనన్న సంగతి ఆవిడే ఎత్తింది. "మావాని మీద కోపం పెట్టుకోవద్దమ్మా. ముందొకసారి ఎవరో ఒక పిల్ల ఇట్లనే ఒక్కతే వచ్చి, రూములో ఏమో చేసుకోబోయిందంట. అప్పటి నుంచి ఓనరుకు బయ్యం" అంది.

మర్నాడు ఉదయం తేలిగ్గా ఉన్న తలతో పడుకుని ఇదే ఆలోచించాను. ఆడమనిషి ఒక్కతే కనబడితే మనవాళ్లకి తోచే కారణాలు మూడే. మొక్కుబడి, అలక, చావు. ఈ మూడూ కాకపోతే నాలుగోది ఒకటుంటుంది, అది చెప్పుకోలేనిది. ఊరికే, చూడాలనిపించి వచ్చింది అనే కారణం ఎవరి లెక్కలోనూ లేదు. కుంకుమావిడ, కూలి ఆవిడ, కుర్రాడి వాళ్లమ్మ, అందరూ నాకు మేలే చేశారు. ఊరు చెడ్డది కాదు. ఆ ఊరివాళ్లని వేలెత్తి చూపడానికి ఇది రాయట్లేదు. వాళ్లూ, మేమూ, మా అత్తగారూ ఒకే లెక్క నేర్చుకున్నాం.

కటారుపల్లి వెళ్లలేదు. ఓపిక లేక, మూడో రోజు మధ్యాహ్నం బస్సెక్కి అనంతపురం మీదుగా తిరిగొచ్చేశాను. ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న వేమనని చూడకుండా వచ్చిన తెలుగు బీఏని. మా మేడమ్‌కి ఇప్పుడు కూడా చెప్పడానికేం లేదు.

ఇప్పుడు మా వారి సంగతి. ఆయనా, స్నేహితులు నలుగురూ మా పెళ్లయిన నాలుగో ఏట శ్రీశైలం వెళ్లారు. అడవిలో కారు ఆగిపోయింది. రాత్రంతా అద్దాలు ఎత్తుకుని కూర్చున్నారు. ఒకాయన పర్సు పోయింది, ఇంకొకాయన మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసింది మర్నాడు సాయంత్రం. అప్పుడు నేను ఏడు నెలల గర్భిణిని. ఆ కథ పంతొమ్మిదేళ్లుగా వింటున్నాను. ప్రతిసారీ చిరుతపులి ఇంకొంచెం దగ్గరికి వస్తుంది. విన్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా "అందుకే మగవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదు" అనలేదు. పైగా, మళ్లీ ఎప్పుడు వెళ్దాం అంటారు.

ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీకి బయలుదేరింది కూడా ఎండల్లోనే, 1830 మే 18న. బోలెడు పరివారంతో వెళ్లారు. పదిహేను నెలలు తిరిగారు. దారిలో పడ్డ పాట్లన్నీ రాసుకున్నారు. ఆ పాట్లే మనకి కాశీయాత్ర చరిత్ర అయింది, డిగ్రీలో మేం పాఠంగా చదివాం. మే నెలలో ఎవరైనా కాశీ వెళ్తారా అని ఎవరూ అడిగినట్టు లేదు.

మగవాడి ప్రయాణం చెడితే అది ఒక కథ. నా ప్రయాణం చెడితే అది నా మీదా, నా కూతురి మీదా సాక్ష్యం. నాకు కోపం ఇక్కడే. బస్సులో ఏసీ పోయింది నేను ఆడదాన్నని కాదు. కరెంటు పోయింది నా వల్ల కాదు. చెప్పులు పోయింది బద్ధకం వల్ల, ఫోన్ ఆగింది నిర్లక్ష్యం వల్ల. ఇవి ఎవరికైనా జరుగుతాయి. నేను ఆడదాన్ని కావడం వల్ల మాత్రమే జరిగింది ఒక్కటే, లాడ్జిలో తాళం చెవి. విచిత్రం ఏమిటంటే మా వారు అతిథులకి చెప్పేటప్పుడు అందరూ ఎక్కువగా నవ్వేది అక్కడే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. వచ్చిన కొత్తలో మా చెల్లెలికి ఫోన్ చేసి అంతా అద్భుతంగా జరిగిందని చెప్పాను. వాంతుల సంగతి చెప్పలేదు, చెప్పుల సంగతి చెప్పలేదు. ఎందుకంటే ఒకసారి బయటికి వెళ్లడానికి ఇంత రభస చేశాక, అది బాగుండి తీరాలి. లేకపోతే రెండోసారి అడిగే హక్కు పోతుంది. ఈ సంగతి మీలో చాలామందికి తెలుసనుకుంటాను. స్నేహితురాళ్లతో వెళ్లిన ట్రిప్పు ఫోటోల్లో మనం అంత గట్టిగా నవ్వేది అందుకే. ఇంట్లోవాళ్లు చూస్తారు కదా, బాగుందని రుజువు కావాలి. బాగోలేని ప్రయాణం చేసి, బాగోలేదని చెప్పి, అయినా మళ్లీ వెళ్తానని చెప్పగలిగే వీలు మా వారికి ఉంది, వీరాస్వామయ్య గారికి ఉంది. అది నాకూ కావాలి. మా అమ్మాయికి అంతకన్నా ఎక్కువగా కావాలి, ఎందుకంటే దాని ముందు చాలా ప్రయాణాలున్నాయి. అన్నీ బాగుండవు.

మొన్న శనివారం మా వారి ఆఫీసు స్నేహితుడు, ఆయన భార్య వచ్చారు. కాఫీ ఇచ్చాను. మా వారు గొంతు సవరించుకున్నారు. "ఉండండి, అది నేను చెబుతాను" అన్నాను. కొంచెం తెల్లబోయారు. చెప్పాను. చెప్పుల దగ్గర అందరం నవ్వాం. లాడ్జి దగ్గరికి వచ్చేసరికి, "నేనే పంపించాను" అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పి ఆగాను. ఎవరూ నవ్వలేదు. మా వారు కప్పులోకి చూశారు. మర్రిచెట్టు కింద మూడు గంటల దగ్గర మాత్రం ఎక్కువ సేపు ఉండిపోయాను. వచ్చినావిడ వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఆ ఊళ్లో మంచి లాడ్జీ వేరేది ఏదన్నా ఉందాండీ?" అని మెల్లగా అడిగింది.

హంపి ఇంకా తేలలేదు. వాళ్ల నాన్న "చూద్దాం" దగ్గరే ఉన్నారు. "వద్దు" నుంచి "చూద్దాం" దాకా వచ్చారు, అది మాత్రం చెప్పాలి. నేను మా అమ్మాయికి ఒక కాగితం మీద రాసిచ్చాను. గుడికి వెళ్తే చెప్పులు స్టాండులోనే ఇవ్వు. పన్నెండు నుంచి నాలుగు దాకా బయట తిరగకు. ఓఆర్ఎస్ పెట్టుకో. రూము బుక్ చేసేటప్పుడే ఒక్కదాన్నే అని గట్టిగా చెప్పి, ఒప్పుకున్నాకే డబ్బు కట్టు. కుంకుమ పొట్లం ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యి. రోజుకి రెండుసార్లు ఫోన్ చెయ్యి, నీ కోసం కాదు, మీ నాన్న కోసం.

పవర్ బ్యాంకు కూడా కొన్నాను. రెండు.